జైలు వార్డరు పని యంత్రం చేయగలదా?

ఈమధ్య మా క్యారీలో ఎవరింట్లో భోజనాలకి కలిసినా కబుర్లు చివరికి ఒకచోటికే చేరుతున్నాయి. ఇదివరకు హైదరాబాదులో స్థలాల ధరలు, గ్రీన్ కార్డు తేదీలు, పిల్లల స్పెల్లింగ్ బీ గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఒకటే ప్రశ్న: ఎ.ఐ. వల్ల ముందు ఎవరి ఉద్యోగం పోతుంది? టెస్టింగ్ వాళ్ళని చూసి డెవలపర్లు, డెవలపర్లని చూసి మేనేజర్లు జాలిపడుతున్నారు. మేనేజర్లని చూసి ఎవరూ జాలిపడటం లేదు గానీ, వాళ్ళకీ లోపల గుబులుగానే ఉంది!

అలాంటి ఒక పిచ్చాపాటీలో ఓ మిత్రుడు, "అన్నిటికంటే ముందు పోవలసింది జైలు గార్డు ఉద్యోగం కదండీ! తలుపు తీయడం, తలుపు వేయడం, తలలు లెక్కపెట్టడం. ఇందులో మనిషితో పనేముంది?" అన్నారు. ఆయన సరదాకి అన్నా, ఆ మాట తేలిగ్గా కొట్టిపారేయవలసింది కాదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్‌బోర్న్ 2013లో 702 వృత్తులని పరిశీలించి, అమెరికా ఉద్యోగాల్లో 47 శాతం యంత్రాలకి పోయే ప్రమాదంలో ఉన్నాయని లెక్క కట్టారు. వాళ్ళ పట్టికలో జైలు ఆఫీసరు ఉద్యోగం పోవడానికి ఉన్న అవకాశం సగం కంటే ఎక్కువే. అమెరికా మొత్తం మీద ఈ పనిలో ఉన్నవాళ్ళు మూడున్నర లక్షల మందికి తక్కువ ఉండరు.

నాకు ఈ విషయం మీద పట్టింపు ఉండటానికి రెండు కారణాలు. ఒకటి, మా బాబాయి రాజమండ్రి సెంట్రల్ జైల్లో హెడ్ వార్డరుగా రిటైరయ్యారు. డచ్చి వాళ్ళ కాలం నాటి కోటలో ఉన్న ఆ జైలు గోడ పక్కనుంచి సెలవుల్లో సైకిలు మీద వెళ్ళిన గుర్తు. రెండోది, నేను పనిచేసే చోట ఈ ఏడాది కెమెరా దృశ్యాల్లో కొట్లాటలు కనిపెట్టే సాఫ్ట్‌వేరుకి ఒక అంచనా తయారు చెయ్యమన్నారు. కొనుగోలుదార్ల జాబితాలో స్కూళ్ళు, గిడ్డంగులు, స్టేడియాలతో పాటు జైళ్ళు కూడా ఉన్నాయి. సరే, రాసేముందు తెలుసుకుందామని మొదలుపెట్టి, అనుకున్నదానికంటే చాలా దూరం వెళ్ళాను.

మన పక్కనే ఉన్న జైలు

క్యారీ నుంచి ర్యాలీ డౌన్‌టౌనుకి వెస్ట్రన్ బులెవార్డ్ మీదుగా వెళ్ళేవాళ్ళందరూ సెంట్రల్ ప్రిజన్ ముందునుంచే వెళ్తారు. పుల్లెన్ పార్కులో బొమ్మరైలు ఎక్కించడానికి పిల్లల్ని తీసుకువెళ్ళేది కూడా ఆ దారినే. 19వ శతాబ్దంలో ఖైదీల చేతనే కట్టించిన పాత కోటలాంటి భవనం 1980లలో పోయి, ఇప్పుడున్నది వచ్చింది. రాష్ట్రంలో మరణశిక్ష పడిన మగ ఖైదీలందరూ అక్కడే ఉంటారు. నేను ఎన్.సి. స్టేట్‌లో ఎం.ఎస్. చేసిన రోజుల్లో ఆ పక్కనే ఉంటూ కూడా అది జైలని చాలా నెలలు తెలియదు. మన విద్యార్థులకి అటువంటివి కనపడవు, అద్దె తక్కువా కాదా అన్నదే కనపడుతుంది.

ఉత్తర కరోలినాలో యాభైకి పైగా రాష్ట్ర జైళ్ళు, ముప్ఫై వేలకు పైగా ఖైదీలు ఉన్నారు. 2023, 2024 సంవత్సరాల్లో జైలు ఆఫీసర్ల పోస్టుల్లో మూడో వంతుకు పైగా ఖాళీ. కొత్తగా చేరేవాళ్ళకి ఏడాదికి నలభై వేల డాలర్లకి అటూఇటూ జీతం. ఆమెజాన్ గిడ్డంగిలో దాదాపు అంతే వస్తుంది, పైగా అక్కడ ఎవరూ కత్తితో పొడవరు. కాబట్టి "యంత్రం మనిషి ఉద్యోగం తీసేస్తుందా?" అని మన ఐ.టి. వాళ్ళు వేసుకునే ప్రశ్న ఇక్కడ తిరగబడుతుంది. ఇక్కడ ఉద్యోగం ఉంది, మనిషే లేడు.

మనిషి లేకపోతే ఏమవుతుందో ఈ రాష్ట్రం 2017లో చూసింది. ఆ ఏడాది ఏప్రిల్ 26న బెర్టీ జైల్లో, ఖైదీ పెట్టిన మంటని ఆర్పడానికి వెళ్ళిన ఒక మహిళా సార్జెంటుని ఆమె తెచ్చిన మంటలార్పే సిలిండరుతోనే కొట్టి చంపారు. అదే ఏడాది అక్టోబరు 12న ఎలిజబెత్ సిటీ దగ్గర ఉన్న పాస్క్వోటాంక్ జైలు కుట్టుపని శాలలో కొందరు ఖైదీలు సుత్తులు, కత్తెరలతో దాడి చేసి పారిపోవడానికి ప్రయత్నించారు. నలుగురు సిబ్బంది చనిపోయారు. ఈ రాష్ట్ర చరిత్రలో ఇంత ఘోరమైన జైలు దాడి మరొకటి లేదు. ఆ శాలలో ముప్ఫై మందికి పైగా ఖైదీలు పనిచేస్తుండగా కాపలాకి ఉన్నది ఒకే ఒక్క ఆఫీసరు.

ఇలాంటి ఘటనల తర్వాతే ఎవరైనా కిందపడితే తనంతట తానే సంకేతం పంపే రేడియోలు, ఇంకా ఎక్కువ కెమెరాలు, డ్రోన్లని పట్టే పరికరాల మాటలు గట్టిపడ్డాయి. ఇవన్నీ కావలసినవే. అయితే ఆ కుట్టుపని శాలలో ఒక కెమెరా ఎక్కువుంటే ఏం జరిగేది? దాడి ఇంకా స్పష్టంగా రికార్డయ్యేది. పరుగెత్తుకొచ్చే రెండో మనిషి ఉంటేనే ఆ రికార్డు అక్కరకొస్తుంది.

ఇప్పటికే యంత్రానికి పోయిన పనులు

జైలు ఆఫీసరు చేసేది ఒక పని కాదు, ఓ డజను పనుల మూట. విడివిడిగా చూస్తే కొన్ని ఎప్పుడో చేజారిపోయాయి.

మన తెలుగువాళ్ళకి దీనిలో ఒక ముందుచూపు ఉందని చాలామందికి తెలియదు. రిమాండు ఖైదీని గడువు పెంచడానికి మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. దానికి వ్యాను, ఎస్కార్టు పోలీసులు, సంకెళ్ళు, దారిలో పారిపోతాడేమోనన్న భయం. బందోబస్తు డ్యూటీ పడిందంటే ఎస్కార్టు దొరకదు, ఖైదీకి వాయిదా తప్పుతుంది. 2000వ సంవత్సరంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 167వ సెక్షనుకి రాష్ట్ర సవరణ చేసి, నిందితుణ్ణి స్వయంగా గానీ వీడియో అనుసంధానం ద్వారా గానీ హాజరుపరచవచ్చని రాసింది. అటువంటి వెసులుబాటు దేశమంతటికీ రావడానికి 2008 నాటి కేంద్ర సవరణ దాకా ఆగవలసి వచ్చింది. జూము, టీమ్సు పుట్టక చాలా ముందే మనవాళ్ళు జైలునుంచి వీడియో కాల్ చేశారన్నమాట!

బాబాయిని ఫోనులో దీని గురించి అడిగితే మెచ్చుకుంటూనే ఒక మాట అన్నారు. "ఎస్కార్టు బాధ తప్పిందిరా, మాకు ప్రాణం లేచొచ్చింది. కానీ వాయిదాకెళ్తే వాడికి కోర్టు వరండాలో పెళ్ళాం పిల్లలు కనపడేవాళ్ళు. టీవీలో జడ్జిగారు మాత్రమే కనపడతాడు కదా. ఆ రోజు రాత్రి బ్యారక్‌లో గొడవలు మేమే పడేవాళ్ళం." ఆ సవరణ వల్ల ఎన్ని వ్యాన్ల డీజిలు మిగిలిందో లెక్క కట్టినవాళ్ళు ఉండి ఉంటారు. ఆ వరండా మాట నాకు బాబాయి దగ్గర తప్ప ఎక్కడా దొరకలేదు.

ఇక్కడ ఉత్తర కరోలినాలో 2021 అక్టోబరునుంచి ఖైదీలకి వచ్చే ఉత్తరాలు జైలుకి రావు. మేరీల్యాండ్‌లోని ఒక సంస్థకి వెళ్తాయి, అక్కడ స్కాన్ చేస్తారు, ఖైదీకి నకలు అందుతుంది. కాగితానికి మత్తుమందు పూసి పంపుతున్నారు కాబట్టి ఇది తప్పలేదన్నారు. మెయిల్ గదిలో కవర్లు చింపి చూసే పని చాలావరకు తగ్గింది. కూతురు క్రేయానుతో వేసిన బొమ్మ కూడా నకలుగానే వస్తుంది. నేనైతే ఆ కారణాన్ని కాదనలేను, ఆ నష్టాన్నీ చిన్నదనలేను.

మన క్యారీకి కూడా ఈ కథలో భాగం ఉంది. 2008 మార్చిలో చాపెల్ హిల్‌లో యూనివర్సిటీ విద్యార్థి సంఘ అధ్యక్షురాలిని అపహరించి చంపారు. పట్టుబడిన ఇద్దరూ అప్పటికే ప్రొబేషన్‌లో ఉన్నారు. ఒక కౌంటీలో పట్టుబడిన సంగతి ఇంకో కౌంటీ అధికారికి తెలియని పరిస్థితి అప్పుడు. ఆ తర్వాత రాష్ట్రం కోర్టు, జైలు, ప్రొబేషన్ సమాచారాన్ని ఒకచోటికి తెమ్మని ఆదేశించింది. సి.జె. లీడ్స్ అనే ఆ వ్యవస్థని కట్టింది మన ఊరి సాస్ ఇన్‌స్టిట్యూటే. ఇది చదివేవాళ్ళలో సాస్‌లో పనిచేసినవాళ్ళు ఎంతమంది ఉంటారో నేను చెప్పనక్కరలేదు. ఆ వ్యవస్థ ఏ ఆఫీసరు ఉద్యోగమూ తీయలేదు. అరుపులు, ఫోన్లు, ఫ్యాక్సుల మధ్య తప్పిపోయే ఒక వాక్యాన్ని సరైన మనిషి తెర మీదికి తెచ్చింది. నాకు ఈ రంగంలో అన్నిటికంటే నచ్చినది అదే.

తలల లెక్క కూడా యంత్రానికి ఇవ్వదగ్గదే. 2019 ఆగస్టులో న్యూయార్క్ ఫెడరల్ జైల్లో జెఫ్రీ ఎప్‌స్టీన్ చనిపోయిన రాత్రి, డ్యూటీలో ఉన్న ఇద్దరు ఆఫీసర్లు అరగంటకోసారి చేయవలసిన పరిశీలనలు చేయకుండానే చేసినట్టు సంతకాలు పెట్టారు. వరసగా ఓవర్‌టైము చేసి అలసిపోయినవాళ్ళు. అక్కడి కెమెరాల్లో చాలా వాటి రికార్డింగు అప్పటికే చెడిపోయి ఉంది. మనిషి అబద్ధం రాశాడు, యంత్రం అసలు ఏమీ రాయలేదు. గడప దగ్గర ఒక మామూలు సెన్సరు సరిగ్గా పనిచేసి ఉంటే ఆ కాగితం అబద్ధమని అప్పుడే తెలిసేది.

చూసే కన్ను, లెక్కల చిక్కు

ఇక నా అంచనా కాగితం దగ్గరికి వస్తాను. కొట్లాటని కనిపెట్టే సాఫ్ట్‌వేరు అంటే ఏమిటి? కెమెరానుంచి కొన్ని సెకన్ల దృశ్యాన్ని తీసుకుని, "ఇది మామూలా, కొట్లాటా?" అని ఒక సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్య ఒక హద్దు దాటితే గంట మోగుతుంది. ఇంతే.

ఒక జైల్లో 400 కెమెరాలు ఉన్నాయనుకుందాం. పది సెకన్లకోసారి ఒక్కో కెమెరా ఒక తీర్పు చెప్తుంది. అంటే రోజుకి ఒక్కో కెమెరా 8,640 తీర్పులు, మొత్తం 34,56,000. మన సాఫ్ట్‌వేరు ఎంతో మంచిది, పదివేల తీర్పుల్లో ఒక్కసారే లేని కొట్లాటని ఉన్నదంటుంది అనుకుందాం. అయినా రోజుకి సుమారు 346 దొంగ గంటలు! నాలుగు నిమిషాలకొకటి. నిజమైన కొట్లాటలు రోజుకి రెండో మూడో. బాస్కెట్‌బాల్ ఆడుతున్నవాళ్ళు, నవ్వుతూ వీపు మీద చరుచుకునేవాళ్ళు, మోకాళ్ళ మీద ప్రార్థన చేసేవాళ్ళు, అందరూ గంట మోగిస్తారు. మూడో రోజుకి కంట్రోలు రూములో ఉన్నాయన శబ్దం తగ్గించేస్తాడు. వారానికి మ్యూట్ చేస్తాడు. రాత్రి రెండింటికి పేజర్ మోగితే మనమేం చేస్తామో మనకి తెలుసు కదా, ఆయన్ని తప్పుపట్టలేం.

హద్దు పెంచితే దొంగ గంటలు తగ్గుతాయి, దాంతోపాటు నిజమైన గంటలు కూడా కొన్ని మోగవు. ఏ హద్దు పెట్టాలన్నది లెక్కల ప్రశ్నలా కనపడుతుంది గానీ, అది ఎంతమంది పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నారన్న ప్రశ్న. పదిమంది ఉంటే హద్దు తగ్గించుకోవచ్చు. ఇద్దరే ఉంటే ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా ఆ ఇద్దరి ఓపికకి సరిపడా మాత్రమే పనిచేస్తుంది. సిబ్బంది తక్కువగా ఉన్నారని కొనే వస్తువు, సిబ్బంది ఎక్కువగా ఉన్నచోటే బాగా పనిచేస్తుందన్నమాట. ఈ చిక్కు బ్రోషర్లలో కనపడదు.

ప్రపంచంలో ప్రయోగాలు జరగకపోలేదు. దక్షిణ కొరియాలో 2011లో ప్రకటించి, 2012లో పోహాంగ్ జైల్లో గార్డు రోబోలని పరీక్షకి పెట్టారు. ఒకటిన్నర మీటర్ల ఎత్తు, చక్రాల మీద నడక, అసాధారణ ప్రవర్తన కనపడితే కంట్రోలు రూముకి కబురు. మూడు రోబోలకి సుమారు వంద కోట్ల వోన్ల ఖర్చు. ప్రపంచమంతా ఫొటోలు వేసుకుంది. ఈ పదమూడు పధ్నాలుగేళ్ళలో అవి జైళ్ళ నిండా తిరుగుతున్న దేశం ఒక్కటీ లేదు. హాంకాంగ్ 2019నుంచి గుండె కొట్టుకునే వేగం చూసే చేతిపట్టీలు, ఆత్మహత్యా ప్రయత్నాలని పసిగట్టే కెమెరాలు పెట్టింది. మింగిన మత్తుమందు కోసం మలాన్ని వెతికే రోబో చెయ్యిని కూడా పెట్టింది. ఈ చివరిదానికి మాత్రం ఏ ఉద్యోగ సంఘమూ అడ్డుచెప్పదని నా నమ్మకం! మన దేశంలో ఉత్తరప్రదేశ్ 2019లో దాదాపు 70 జైళ్ళలో ఏడెనిమిది వందల కెమెరాలకి జార్విస్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేరుని తగిలించింది. భారతదేశంలో జైలు సిబ్బంది పోస్టుల్లో నాలుగో వంతుకి పైగా ఖాళీగా ఉంటున్నాయి కాబట్టి అక్కడా ఆకర్షణ అదే.

సింగపూర్ వాళ్ళు నిజాయితీగా ఒక పేరు పెట్టుకున్నారు: గార్డులు లేని జైలు. ముఖాన్ని గుర్తించి హాజరు వేయడం, ఖైదీయే తెర మీద తనకి కావలసినవి నమోదు చేసుకోవడం వంటివి చేశారు. కానీ వాళ్ళ ఉద్దేశం చదివితే ఆఫీసర్లని తీసేయడం కాదు, తాళాలు తిప్పే పనినుంచి తప్పించి ఖైదీలతో మాట్లాడే పనికి మళ్ళించడం. పేరులో లేని గార్డు జైల్లో ఉన్నాడు.

ఇంకో విచిత్రం ఫిన్లాండ్‌ది. అక్కడి జైళ్ళలో 2019నుంచి కొందరు ఖైదీలు కంప్యూటర్ల ముందు కూర్చుని వ్యాసాలకి గుర్తులు పెడుతూ, ఎ.ఐ. కి శిక్షణనిచ్చే డేటా తయారు చేశారు. ఖైదీని ఎ.ఐ. కాపలా కాయడం సంగతి ఎలా ఉన్నా, ఎ.ఐ. కి ఖైదీ పాఠం చెప్పడం మాత్రం ముందుగా జరిగింది.

బగ్గు ఉంటే

మనం ప్రొడక్షన్‌లో తప్పు దొర్లితే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్తాం. జైల్లో వెనక్కి వెళ్ళడానికి ఏముంటుంది?

2013 జూన్‌లో మయామీ డేడ్ కౌంటీ జైల్లో ఒక కట్టుదిట్టమైన విభాగంలోని గదుల తలుపులన్నీ రాత్రిపూట ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఒక ఖైదీ తన మీదికి వస్తున్నవాళ్ళనుంచి తప్పించుకోవడానికి పై అంతస్తునుంచి దూకాడు. తలుపులు నడిపే వ్యవస్థలో లోపమన్నారు. అంతకు రెండేళ్ళ ముందే, 2011లో, భద్రతా పరిశోధకులు కొందరు జైలు తలుపులని నడిపే పారిశ్రామిక కంట్రోలర్లలోకి చొరబడవచ్చని లాస్ వేగస్‌లో జరిగిన డెఫ్ కాన్ సమావేశంలో చూపించారు.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం వాషింగ్టన్ రాష్ట్రం కథ. సియాటిల్ వైపు ఉన్న మిత్రులకి గుర్తుండే ఉంటుంది. 2002లో ఒక కోర్టు తీర్పుకి అనుగుణంగా, సత్ప్రవర్తనకి ఇచ్చే శిక్ష తగ్గింపు లెక్కని సాఫ్ట్‌వేరులో మార్చారు. ఆ మార్పులో ఒక తప్పు. శిక్షకి అదనపు కాలం కలిపిన కేసుల్లో ఎక్కువ తగ్గింపు ఇచ్చేసింది. పదమూడేళ్ళలో సుమారు 3,200 మంది గడువుకి ముందే బయటికి వచ్చారు. దీన్ని కనిపెట్టింది ఆడిటరు కాదు, టెస్టింగ్ టీము కాదు. 2012 డిసెంబరులో ఒక బాధితుడి కుటుంబం తమకి హాని చేసినవాడి విడుదల తేదీని చేత్తో కూడి, తప్పని చెప్పింది. అప్పుడు టికెట్టు తెరిచారు. తర్వాత? మీరూహించినదే. మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. 2015 డిసెంబరులో గవర్నరు బయటపెట్టేదాకా అది బ్యాక్‌లాగ్‌లో ఉంది. జైల్లో ఉండవలసిన ఆ రోజుల్లో బయట ఉన్నవాళ్ళ వల్ల కనీసం ఇద్దరు చనిపోయినట్టు తేలింది. అరిజోనాలో దీనికి తిరగేసిన కథ 2021లో బయటపడింది. కొత్త చట్టం ప్రకారం ముందుగా విడుదలకి అర్హులైన వాళ్ళని సాఫ్ట్‌వేరు లెక్కించలేకపోయింది. సిబ్బంది చేత్తో లెక్కలు కట్టుకోవలసి వచ్చింది.

బ్యాక్‌లాగ్ అనే మాట మనం రోజుకి ఇరవై సార్లు వాడతాం.

అద్దాల గదినుంచి బయటికి

ఆఫీసరుని ఖైదీలనుంచి దూరంగా పెట్టాలన్న ఆలోచన ఎ.ఐ. తో రాలేదు. బెంథామ్ అనే ఇంగ్లీషు తత్వవేత్త ఒక గుండ్రని జైలు ఊహించి, 1791లో దాన్ని ప్రచురించాడు. మధ్య బురుజులో ఒక్కడు కూర్చుంటే అందరూ కనపడతారు, వాడు ఎవరికీ కనపడడు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా జైళ్ళలో అదే ఆలోచన అద్దాల కంట్రోలు గదులుగా వచ్చింది. ఆఫీసరు లోపల, మీటలు లోపల, ఖైదీలు బయట. ఆఫీసరుకి క్షేమమే. అయితే అద్దానికి అవతల రాజ్యం ఖైదీల్లో బలమున్నవాడి చేతికి పోయింది.

1970ల నడిమి ఫెడరల్ ప్రభుత్వం కొన్ని కొత్త జైళ్ళలో దీన్ని తిరగేసి చూసింది. కాలిఫోర్నియాలోని కాంట్రా కోస్టా కౌంటీ 1981లో మార్టినెజ్ పట్టణంలో అదే పద్ధతిలో జైలు తెరిచింది. నలభై యాభై మంది ఖైదీలు ఉండే హాలు మధ్యలో ఆఫీసరు బల్ల. చువ్వలు లేవు, అద్దం లేదు. ఆఫీసర్లు మొదట భయపడ్డారు. కానీ కొట్లాటలు, విరగ్గొట్టడాలు తగ్గాయి. ఆ తర్వాత దేశంలో కొత్తగా కట్టిన ఎన్నో జైళ్ళు ఈ పద్ధతినే తీసుకున్నాయి. ఆఫీసరు హాల్లో తిరుగుతుంటే ఎవడు అన్నం తినలేదో, ఎవడికి ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి మొహం మాడిందో ముందే తెలుస్తుంది. యంత్రం కొట్లాటని కనిపెడుతుంది, అంటే మొదటి దెబ్బ పడ్డాక. ఆ ఆఫీసరు మొదటి దెబ్బకి ముందటి రోజు కనిపెడతాడు.

బాబాయి ఈ పద్ధతి పేరు విని ఉండరు గానీ, ఆయన చెప్పింది అదే. "గోల చేసే బ్యారక్ గురించి మాకు బెంగ ఉండేది కాదురా. చప్పుడు లేని బ్యారక్ దగ్గరే రెండు నిమిషాలు ఎక్కువ నిలబడేవాణ్ణి. ఒకసారి ఒకడు రోజూ నమస్తే పెట్టేవాడు పెట్టలేదు. లోపలికెళ్ళి కూర్చున్నాను. ములాఖత్‌కి తమ్ముడు రాలేదట, అమ్మ పోయిందేమోనని వీడి అనుమానం. వాకబు చేయిస్తే బతికే ఉంది. లేకపోతే ఆ రాత్రి లుంగీతో ఉరేసుకునేవాడే." కొట్టిన వార్డర్లు, డబ్బులు తిన్నవాళ్ళు, బీడీలు అమ్ముకున్నవాళ్ళు కూడా తన తోటివాళ్ళలో ఉన్నారని ఆయనే చెప్తారు. యంత్రం లంచం తీసుకోదు, కులం అడగదు. అది చిన్న విషయం కాదు. కానీ ఆ ఖైదీ నమస్తే పెట్టకపోవడాన్ని డేటాగా ఎలా రాసుకోవాలో నాకు తట్టలేదు. రాసుకున్నా, లోపలికెళ్ళి కూర్చోవడం ఎవరు చేస్తారు?

జైలు గోడ లేని జైలు

అయితే యంత్రం నిజంగానే జైలు ఆఫీసరు స్థానంలోకి వచ్చిన చోటు ఒకటుంది. అది మన తెలుగు పిల్లల కాళ్ళ మీద మనం చూసినదే.

1983లో న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీలో జాక్ లవ్ అనే జడ్జి, స్పైడర్‌మ్యాన్ కామిక్‌లో విలన్ తొడిగే కడియం చూసి, అటువంటిది చేయించి ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకి తొడిగించాడు. ఈ వ్యాపారంలో తర్వాత పెద్దదైన బి.ఐ. ఇన్‌కార్పొరేటెడ్ అనే కొలరాడో సంస్థ 1978లో మొదలైంది పాడి ఆవులని దూరంనుంచి గమనించే పరికరాలతో! 2011లో దాన్ని ప్రైవేటు జైళ్ళు నడిపే జియో గ్రూప్ కొనుక్కుంది. ఆవులనుంచి మనుషులకి వచ్చిన ఆ పరికరం 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన విద్యార్థుల్లో కొందరి కాళ్ళకి ఎక్కింది. ఆ యూనివర్సిటీ విద్యార్థులు పదిహేను వందల పైచిలుకు, వాళ్ళలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. అప్పటి విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ అది అమానుషమని నిరసన తెలిపారు. తెలుగు పత్రికలు దాన్ని "రేడియో కాలర్" అన్నాయి, అడవి జంతువులకి కట్టేదాని పేరు. చరిత్ర తెలియకపోయినా పేరు సరిగ్గా కుదిరింది. 2019 జనవరిలో మిషిగన్‌లో ప్రభుత్వమే నడిపిన నకిలీ ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ కేసులో 129 మంది భారతీయ విద్యార్థులని పట్టుకున్నప్పుడు, మన సంఘాలన్నీ వకీళ్ళ కోసం, హాట్‌లైన్ల కోసం రాత్రింబవళ్ళు తిరిగాయి. ఇప్పుడు కాలి పట్టీ కూడా అక్కర్లేదు. స్మార్ట్‌లింక్ అనే ఫోన్ యాప్‌లో ముఖం చూపిస్తే చాలు, జి.పి.ఎస్. మిగతాది చెప్తుంది.

నా లెక్క ఇక్కడ మిశ్రమంగా ఉంటుంది. కాలి పట్టీ అవమానమే. కానీ ఆ రోజున ఆ పిల్లలకి పట్టీయా, కౌంటీ జైల్లో ఆరంజి బట్టలా అని అడిగితే ఏం కోరుకునేవాళ్ళు? పట్టీ వల్ల ఇంట్లో పడుకోవచ్చు, వకీలుని కలవచ్చు, పప్పన్నం తినవచ్చు. చిక్కు ఏమిటంటే ఆ పరికరం చవక. జైలుకి పంపవలసినవాణ్ణి ఇంటికి పంపడానికి వాడితే మంచిదే. ఏ కాపలా అక్కర్లేనివాడికి కూడా "పోనీ ఉండనీ" అని తొడిగితే మాత్రం జైలు తగ్గదు, ఊరంతా పరుచుకుంటుంది. బ్యాటరీ అయిపోతే అర్థరాత్రి మోగే ఆ పరికరంతో మాట్లాడి కారణం చెప్పుకోవడానికి అవతల బాబాయి లాంటివాడు ఉండడు.

నా అంచనా పోయిన వారం ఇచ్చాను. కెమెరాలు, సర్వర్లు, మోడల్ శిక్షణ, నెలల లెక్క అన్నీ రాసి, చివర్లో అవసరాల పట్టికలో ఒక వాక్యం చేర్చాను: గంట మోగిన ప్రతిసారీ రెండు నిమిషాల్లో అక్కడికి చేరగల ఇద్దరు సిబ్బంది ఆ షిఫ్టులో ఉన్నారని కొనేవాళ్ళు రాతపూర్వకంగా చెప్తేనే ఈ వ్యవస్థని ఆన్ చెయ్యాలి. సేల్స్ వాళ్ళు అది అవసరాల పట్టికలో ఉండవలసినది కాదంటున్నారు. ఆ వాక్యం ఉంచుతారో తీసేస్తారో వచ్చే మంగళవారం తెలుస్తుంది.